నడుము నుంచి పాదం దాకా లాగుతోంది, డిస్కు అంటున్నారు. ఆపరేషన్ తప్పదా?

తోతాపురి (బంగారుపాళ్యం)

అందరికీ నమస్కారం. నాకు నలభై లోపే. మామిడి తోట ఉంది, సీజన్లో కాయలు మండీకి నేనే తోలుతాను. నెల కింద ట్రేలు బండికెత్తుతుంటే నడుము పట్టేసింది. ఏటా వచ్చే పట్టే కదా అని బామ్ రాసుకుని పడుకున్నా. రెండు మూడు రోజులకు నడుము నొప్పి తగ్గింది గానీ, అది ఎడమ పిరుదులోకి దిగింది. అక్కడి నుంచి తొడ వెనకగా, పిక్క పక్కగా, పాదం మీదికి వచ్చి బొటనవేలి దగ్గర ఆగుతుంది. తుమ్మినా దగ్గినా కాలంతా జివ్వుమంటుంది. కూర్చుంటే ఎక్కువ, నిలబడి అటూ ఇటూ తిరుగుతుంటే రవంత నయం. బొటనవేలి దగ్గర మొద్దుబారినట్టుంది. ఒక్కోసారి ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

ఒక డాక్టరు ఎం.ఆర్.ఐ. తీయించాడు. నడుములో ఎల్4-ఎల్5 అనే పూసల మధ్య డిస్కు బయటికొచ్చి నరాన్ని నొక్కుతోందని రిపోర్టు. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుంది అన్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. మా మామ పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోమంటాడు. మా అమ్మ నడిచి కొండెక్కిస్తానని మొక్కుకుంది, ఎక్కాల్సింది నేనట. ఎవరికైనా ఇట్లా వచ్చిందా? ఏం చేశారు?

పుత్తూరు పిల్లోడు

అన్నా, మా ఊరి కట్టు ఎముక విరిగినవాళ్ళకి, కీలు తప్పినవాళ్ళకి. నీకు ఎముక విరగలేదు కదా, దేనికని కడతారు? మామకు నేను చెప్పానని చెప్పు.

బెంగళూరు బండి

రిపోర్టు మొత్తం టైప్ చేసి పెట్టండి అన్నా. నాకు కూడా ఎం.ఆర్.ఐ.లో మూడు చోట్ల బల్జ్, అంటే డిస్కు ఉబ్బింది అని వచ్చింది. కుర్చీలో కూర్చునే ఉద్యోగం. అప్పటి నుంచి వంగాలంటే భయం, బండి ఎక్కాలంటే భయం. చెప్పులు కూడా మా ఆవిడే తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతోంది. జిమ్ మానేశాను. మనిద్దరిదీ ఒకటే కేసు అనుకుంటా.

ఎదురుకాళ్ళు

ఇంత కథ ఎందుకబ్బా. నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. మా ఊళ్ళో నడుము పట్టు ఎవరికొచ్చినా నా దగ్గరికే వస్తారు. బోర్లా పడుకుంటే మూడు తొక్కుళ్ళు, అంతే. లేచి నడుచుకుంటూ పోతారు. పీలేరు వైపు వస్తే చెప్పండి, డబ్బులు తీసుకోను.

ఫిజియో అక్క (తిరుపతి)

ఎదురుకాళ్ళు అన్నగారూ, దండం పెడతాను, ఈయన్ని మాత్రం తొక్కకండి. మామూలు కండరాల పట్టు తొక్కినా తొక్కకపోయినా వారంలో తగ్గుతుంది, పేరు మీకొస్తుంది. డిస్కు బయటికొచ్చిన నడుము మీద మనిషి బరువు పడితే ఉన్నది ఇంకాస్త బయటికి రావచ్చు.

తోతాపురి గారూ, ముందు అసలు జరిగిందేమిటో చెప్తాను. వెన్నుపూసల మధ్య డిస్కులుంటాయి. పైన గట్టి పీచు వలయం, లోపల మెత్తటి జెల్లీ. తాటి ముంజెను ఒక పక్క వేలితో నొక్కితే నీళ్ళు ఇంకో పక్క చిమ్ముతాయే, ముందుకు వంగి బరువెత్తినప్పుడు ఆ జెల్లీ వెనక్కి అట్లా తోసుకొస్తుంది. వలయం చిట్లితే బయటపడుతుంది. దాని వెనకే నరాల వేర్లు పోతుంటాయి. ఎల్4, ఎల్5, ఎస్1, ఎస్2, ఎస్3 అనే అయిదు వేర్లు కలిస్తే సయాటిక్ నరం, మనవాళ్ళు తుంటి నరం అనేది దీన్నే. ఒంట్లో అన్నిటికన్నా లావైన, పొడవైన నరం ఇదే. పిరుదు లోపలి నుంచి తొడ వెనకగా దిగి మోకాలికి కొంచెం పైన రెండుగా చీలుతుంది. నొక్కుడు నడుములో, నొప్పి కాలిలో ఎందుకంటే ఇందుకే. పిక్కకు ఎంత నూనె మర్దన చేసినా ప్రయోజనం లేకపోవడానికీ ఇదే కారణం. నొక్కుడు ఒక్కటే కాదు, బయటికొచ్చిన జెల్లీ వల్ల నరం వేరు చుట్టూ వాపు వస్తుంది, సగం మంట దానిదే.

మీరు నొప్పి దారి చాలా బాగా చెప్పారు. పాదం పైభాగం, బొటనవేలు అంటే ఎల్5 వేరు. ఎల్4-ఎల్5 డిస్కు జారితే మామూలుగా దెబ్బతినేది అదే, కాబట్టి రిపోర్టు, మీ కాలు ఒకే మాట చెబుతున్నాయి. అదే పిక్క వెనకగా దిగి పాదం బయటి అంచుకు, చిటికెనవేలికి పోతే ఎస్1 అనుకుంటాం.

నాకు టెన్షన్ పెట్టిన మాట ఒక్కటే, చెప్పు జారిపోవడం. అది మొద్దుబారి తెలియకపోవడమా, వేళ్ళకు పట్టు తగ్గడమా? ఇప్పుడే లేచి గోడ పక్కన నిలబడి మునివేళ్ళు పైకెత్తి మడమల మీద పది అడుగులు నడవండి. తర్వాత కూర్చుని రెండు బొటనవేళ్ళూ పైకి లేపి ఉంచండి, ఇంకొకరిని వేలితో కిందికి నొక్కమనండి. ఎడమది కుడిదానికన్నా తేలిగ్గా దిగిపోతోందా? చూసి రాయండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

తోతాపురి

మడమల మీద నడవగలిగాను అక్కా. రెండు కాళ్ళూ లేస్తున్నాయి. బొటనవేలు మాత్రం మా ఆవిడ నొక్కితే ఎడమది కొంచెం ముందు దిగుతోంది. మరీ పడిపోవడం లేదు, కుడిదాని అంత గట్టిగా లేదు.

ఫిజియో అక్క

సరే. కొద్దిపాటి బలహీనత ఉంది, పాదం పడిపోలేదు. ఆ పరీక్ష రోజూ ఒకే టైముకు చేయండి. అట్లాగే ఉంటే లేదా మెరుగైతే ఆగడానికి వీలుంది. రోజురోజుకూ తగ్గుతోందంటే, లేదా నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోయి నేలకు తగులుతోందంటే ఇంక ఆలోచించకుండా న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్ళాలి. ఎట్లాగూ ఈ వారంలో ఇంకో సర్జన్‌కు చూపించుకోండి. తిరుపతి అలిపిరి రోడ్డులో స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు రెండూ ఉన్నాయి. మీకు దగ్గరంటే వేలూరు సి.ఎం.సి. కూడా ఉంది. సెకండ్ ఒపీనియన్ అడిగితే మొదటి డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

బెంగళూరు బండి తమ్ముడూ, నీకు కాలి నొప్పి ఉందా? తిమ్మిరి ఉందా?

బెంగళూరు బండి

లేదక్కా. నడుము మాత్రమే. అదీ ఎక్కువసేపు కూర్చుంటేనే. కానీ బల్జ్ ఉంది కదా, మూడు చోట్ల!

ఫిజియో అక్క

అయితే నీదీ ఆయనదీ ఒకటే కేసు కాదు. 1994లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. నడుము నొప్పి అస్సలు లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, సగం మందికి పైగా, నూటికి 52 మందిలో, ఒక్కచోటైనా బల్జ్ కనిపించింది. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళే. 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నొప్పి లేని ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి 30 మందికి బల్జ్ ఉంది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 మందికి. తల వెంట్రుకలు నెరిసినట్టే ఇదీ. కాలి నొప్పి దారి, బలహీనత, ఫిల్ము మూడూ కలిస్తేనే ఆ ఫిల్ముకు విలువ. మీ ఆవిడను చెప్పులు మొయ్యనీకుండా రేపటి నుంచి నువ్వే వంగి తొడుక్కో.

మాస్టారు (పలమనేరు)

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది.

కొండ కింద డ్రైవరు

నేను బస్సు డ్రైవరును, రిటైరయ్యాను. ఘాట్ రోడ్డులో ఏళ్ళ తరబడి తోలాను. నాకు ఎస్1 అన్నారు, కుడి కాలు. బ్రేకు, యాక్సిలరేటరు తొక్కే కాలు కదా. మొదట సిక్ లీవు పెట్టి రెండు నెలలు మందులు, ఫిజియో అన్నీ చేశాను. రాత్రిళ్ళు నిద్ర లేదు, మంచం మీద కూర్చోలేను, పడుకోలేను. గోడకు ఆనుకుని నిలబడి తెల్లవార్లూ గడిపిన రోజులున్నాయి. అప్పుడు ఆపరేషన్ చేయించుకున్నాను. మైక్రోడిసెక్టమీ అంటారు, నడుములో చిన్న కోత, బయటికొచ్చిన ముక్క తీసేస్తారు. మర్నాడు నడిపించారు. కాలి నొప్పి ఆ రోజే పోయింది, నిజం చెబుతున్నా. పాదం అంచున తిమ్మిరి మాత్రం చాలాకాలం ఉంది. నడుము నొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. ఆపరేషన్ అంటే భయపడొద్దు తమ్ముడూ. అదే ముందు చేయించుకుని ఉంటే రెండు నెలల నరకం తప్పేదని నా బాధ.

నర్సు (చిత్తూరు)

డ్రైవరన్నా, మీరు చెప్పింది నిజమే, కానీ అందరికీ ఆ తొందర అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికా, అంటే ఈ తుంటి నరం నొప్పి ఉన్న 283 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతా సగాన్ని ఆగి చూశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ చేసినవాళ్ళకు నొప్పి తొందరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ సమానం, రెండు గుంపుల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. ఆగి చూసినవాళ్ళలో కొంతమంది నొప్పి తట్టుకోలేక మధ్యలో ఆపరేషన్‌కు వెళ్ళారనుకోండి, మీలాగే. కాబట్టి చాలామందికి ఇది ప్రాణం మీదికొచ్చిన నిర్ణయం కాదు. ఎంత నొప్పి, ఎన్నాళ్ళు తట్టుకోగలం, ఇంట్లో పని ఎవరు చూస్తారు అన్నవి చూసుకుని తేల్చుకునేది. ఆపరేషన్ తర్వాత నూటికి 5 నుంచి 15 మందికి అదే చోట మళ్ళీ జారుతుందని కూడా తెలిసుండాలి.

కానీ ఒక సందర్భంలో మాత్రం గంటలు లెక్కపెట్టాల్సిందే. అందరూ దయచేసి చదవండి. కూర్చుంటే కింద ఆనే చోట, అంటే మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, కడుక్కుంటే చేయి తగిలినట్టు తెలియకపోవడం. ఉచ్చ బిగుసుకుపోవడం, లేదా తెలియకుండానే కారిపోవడం. విరేచనం ఆపుకోలేకపోవడం. రెండు కాళ్ళూ ఒకేసారి బలం తగ్గడం. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రైనా ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలి. వెన్ను కింది భాగంలో నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయినప్పుడు ఇట్లా అవుతుంది. ఒకటి రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేస్తే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మా వార్డుకు ఒక పెద్దామె వచ్చింది. మూడు రోజులుగా ఉచ్చ రావడం లేదని ఎవరికీ చెప్పలేదు, సిగ్గు. కోడలికి కూడా చెప్పలేదు. పొట్ట ఉబ్బిపోతే గ్యాస్ అనుకుని సోడా తాగించారు. ట్యూబు వేస్తే లీటరు పైనే వచ్చింది. ఇట్లాంటిది దాచుకోకూడదమ్మా.

పాలక్క (పుంగనూరు)

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాకు ఆవులున్నాయి. రెండు పూటలా గొంతుక్కూర్చుని పాలు పిండాలి. నాకు కూడా రెండు పాదాలూ రాత్రిపూట మంటలు, చీమలు పాకినట్టుంటుంది. మా ఊరి ఆర్.ఎం.పి. సయాటికా అని వారానికొకసారి పిర్రకు నొప్పి సూది, నరాలకు ఎర్ర సూది వేస్తున్నాడు. తగ్గడం లేదు. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నా, చాలా ఏళ్ళయింది.

నర్సు

అక్కా, రెండు పాదాలూ ఒకేలా మంట, రాత్రిపూట ఎక్కువ, షుగరు ఉంది. ఇది సయాటికా కన్నా షుగరు నరాలను దెబ్బతీసినట్టుంది. సయాటికా మామూలుగా ఒక కాలికే వస్తుంది, నడుము దగ్గర మొదలై ఒక దారిలో దిగుతుంది. మీ మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే, అది ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బి12 తగ్గొచ్చు, దానివల్ల కూడా ఇవే మంటలు. ఎర్ర సూది బి12దే. అది తక్కువైనవాళ్ళకు పనిచేస్తుంది, తక్కువ కానివాళ్ళకు చేసేదేమీ లేదు. ఒకసారి రక్తపరీక్షలో బి12, మూడు నెలల షుగరు చూపించండి.

ఆ పిర్ర సూది ముందు మానేయండి. సయాటిక్ నరం పిరుదులోనే ఉంది, సూది తప్పుచోట పడితే నేరుగా దానికే తగులుతుంది. నడుము నొప్పికని సూది వేయించుకుని పాదం పడిపోయి వచ్చినవాళ్ళు ఉన్నారు. పైగా ఈ నొప్పి మందులు వారం వారం వాడితే కిడ్నీలకు, కడుపుకు చేటు. షుగరున్నవాళ్ళకు ఇంకా.

ఇంకొక మాట. మొద్దుబారిన పాదాలకు వేణ్ణీళ్ళ సంచి పెట్టొద్దు. కాలినా తెలియదు.

పాలక్క

ఆ మాత్రే అక్కా. రేపే పోతాను.

ఎదురుకాళ్ళు

నాకు తెలియక అడుగుతున్నా, అంటే నేను తొక్కినవాళ్ళకు తగ్గిందంతా ఉత్తిదేనా?

ఫిజియో అక్క

ఉత్తిది కాదన్నా, వాళ్ళకు తగ్గింది. మీరు తొక్కకపోయినా తగ్గేది అంటున్నా. కాలికి దిగిన నొప్పి, జ్వరంతో వచ్చే నడుము నొప్పి, బరువు తగ్గిపోతూ రాత్రిపూట నిద్ర లేపే నడుము నొప్పి, ఇవి మీ దగ్గరికొస్తే మాత్రం తొక్కకుండా ఆసుపత్రికి పంపండి. వెన్నుపూసకు టి.బి. వస్తుంది, మన దేశంలో అది అరుదేమీ కాదు. దాని మీద తొక్కితే పూస కుంగిపోతుంది. మీ మాట మీ ఊళ్ళో చెల్లుతుంది కాబట్టి ఈ పని మీరే చేయగలరు.

ఎదురుకాళ్ళు

సరే అక్కా. పంపిస్తా.

తోతాపురి

అక్కా, ఈలోపు ఇంట్లో ఏం చేయాలి? ఆ డాక్టరు మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు. బెల్టు ఇచ్చాడు. ప్రీగాబలిన్ అని మాత్ర రాత్రికి. అది వేసుకుంటే పొద్దున తల తిరుగుతోంది, తోటలో నీళ్ళు కట్టడానికి పోతే తూలుతున్నా.

ఫిజియో అక్క

మంచం మీద పడుకోబెట్టడం పాత పద్ధతి. సయాటికా రోగులనే రెండు గుంపులుగా చేసి చూశారు, పడుకున్నవాళ్ళకు ఒరిగిందేమీ లేదు. నొప్పి భరించలేని మొదటి ఒకటి రెండు రోజులు వేరు. తర్వాత ఎంత తిరగగలిగితే అంత తిరగాలి, కానీ ఒకే భంగిమలో అరగంటకు మించి ఉండొద్దు. కూర్చోవడం మీకు శత్రువు. అన్నం పీట మీద కాకుండా బల్ల దగ్గర తినండి, కొన్నాళ్ళు నిలబడి తిన్నా పరవాలేదు. మరుగుదొడ్డి కిందిదైతే ప్లాస్టిక్ కమోడు స్టూలు అమ్ముతారు, తెచ్చుకోండి. బండి మీద మండీకి పోవద్దు, మన రోడ్ల గుంతలు మీకు తెలుసు.

మంచం మీంచి లేచేటప్పుడు నేరుగా లేవకండి. పక్కకు తిరిగి, మోకాళ్ళు మడిచి, కాళ్ళు మంచం కిందికి జారవిడుస్తూ చేత్తో తోసుకుని లేవండి. పడుకునేటప్పుడు పక్కకు తిరిగి మోకాళ్ళ మధ్య దిండు.

ఒక వ్యాయామం చెబుతాను, కానీ షరతుతో. చాప మీద బోర్లా పడుకోండి. కొన్ని నిమిషాలు అట్లాగే. తర్వాత మోచేతుల మీద ఛాతీ లేపి నడుము వదులుగా ఉంచండి. నొప్పి ఎక్కడికి పోతోందో గమనించండి. పాదంలో ఉన్నది పిక్కలోకి, పిక్కలోది తొడలోకి, చివరికి నడుములోకి వెనక్కి ఎక్కితే మంచి సూచన. నడుము నొప్పి కొంచెం పెరిగినా పరవాలేదు, కాలు ఖాళీ అవుతోంది కదా. అలాంటివాళ్ళు తొందరగా కోలుకుంటారు. అలా కాక నొప్పి ఇంకా కిందికి పాదంలోకి దిగితే వెంటనే ఆపేయండి, అది మీకు పడే వ్యాయామం కాదు. ముందుకు వంగి కాలివేళ్ళు అందుకోవడం, కాలు చాపి లాగడం ఇప్పుడు వద్దే వద్దు. యూట్యూబులో సయాటికా స్ట్రెచ్ అని చూపించేవి సగం ఇవే.

బెల్టు ప్రయాణంలో గంట, రెండు గంటలైతే పెట్టుకోండి. రోజంతా పెట్టుకోవడం దేనికీ పనికిరాదు. మాత్రల సంగతి నర్సమ్మ చెబితే బాగుంటుంది.

నర్సు

ప్రీగాబలిన్ మీద 2017లో ఆస్ట్రేలియాలో 209 మందితో పరీక్ష జరిగింది, సయాటికాకే. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకూ దీన్ని వేసుకున్నవాళ్ళకూ కాలి నొప్పిలో తేడా లేదు. తల తిరగడం మాత్రం దీనికి ఎక్కువ. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ ఇచ్చే మార్గదర్శకాల్లో సయాటికాకు ఈ రకం మాత్రలు ఇవ్వొద్దనే రాశారు. అయినా మీరంతట మీరు ఠక్కున ఆపకండి, కొన్నాళ్ళుగా వాడుతుంటే మెల్లగా తగ్గించాలి. డాక్టరుకు తూలుతున్న సంగతి చెప్పండి. షుగరు నరాల మంటకు ఇదే మందు పనికొస్తుంది, పాలక్కకు రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. రోగం వేరు, మందు ఒకటే.

నొప్పి మరీ తట్టుకోలేకుండా ఉంటే నడుములో నరం వేరు పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ అని అడగొచ్చు. కొన్ని వారాలు ఊరట ఇస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. షుగరున్నవాళ్ళకు దానివల్ల కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పాలి.

అల్లుడు బాబు

మా అత్తగారికి తిరుపతి ఆయుర్వేద ఆసుపత్రిలో కటివస్తి చేయించాం. నడుము మీద మినప్పిండితో గట్టు కట్టి వెచ్చటి నూనె పోసి ఉంచుతారు. బాగా హాయిగా ఉందంది. ఇది కూడా రాయకపోతే ఎట్లా? అన్నీ ఇంగ్లీషు మందులేనా?

ఫిజియో అక్క

వెచ్చదనానికి కండరాలు వదులవుతాయి, హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. చేయించుకోవచ్చు. కానీ బొటనవేలు బలం తగ్గుతున్నవాళ్ళు దాన్ని నమ్ముకుని సర్జన్ దగ్గరికి పోవడం వాయిదా వేయకూడదు.

మాస్టారు (పలమనేరు)

నాది కొంచెం వేరే కథ. డెబ్బై దాటాయి. కూర్చుంటే ఏ బాధా లేదు. బజారు దాకా నడిస్తే రెండు పిక్కలూ బరువెక్కి, లాగి, ఆగిపోవాల్సి వస్తుంది. ఏ అరుగు మీదో కూర్చుంటే అయిదు నిమిషాల్లో పోతుంది. వింత ఏమిటంటే, సైకిలు తొక్కితే ఎంత దూరమైనా రాదు. పోయినసారి శ్రీవారి మెట్టు ఎక్కాను, 2,388 మెట్లు, ఆగి ఆగి బాగానే ఎక్కాను. దిగేటప్పుడే ప్రాణం పోయింది. మా అబ్బాయి ఎక్కగలిగినవాడు దిగలేడా అని నవ్వాడు.

ఫిజియో అక్క

మీ అబ్బాయికి చెప్పండి మాస్టారూ, ఇందులో నవ్వడానికేమీ లేదు. ఇది వయసుతో వెన్ను కాలువ ఇరుకు కావడం. ముందుకు వంగితే కాలువ రవంత వెడల్పవుతుంది, నిటారుగా నిలబడి వెనక్కి ఒరిగితే ఇరుకవుతుంది. మెట్లెక్కేటప్పుడు, సైకిలు మీద మనం ముందుకు వంగి ఉంటాం. దిగేటప్పుడు నడుము వెనక్కి వంచుతాం. అందుకే మీకు ఎక్కడం తేలిక, దిగడం నరకం. తోతాపురి గారికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, ఆయనకు వంగితేనే బాధ. కాబట్టి నేను ఆయనకు చెప్పిన బోర్లా వ్యాయామం మీరు చేయొద్దు. కాలి రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్కలు లాగుతాయి, పాదాల నాడి ఒకసారి చూపించుకోండి. ఈసారి నడిచి ఎక్కి, బస్సులో దిగండి.

కొండ కింద డ్రైవరు

బస్సులో ముందు సీట్లో కూర్చోండి మాస్టారూ. వెనక సీట్లో మలుపుల దగ్గర ఎగరేస్తుంది.

తోతాపురి

మరి మా అమ్మ మొక్కు? అలిపిరి నుంచి 3,550 మెట్లు.

ఫిజియో అక్క

ఇప్పుడు వద్దు. బొటనవేలు బలం తిరిగొచ్చాక, కూర్చుని లేస్తే కాలు లాగకుండా ఉన్నాక ఎక్కొచ్చు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కుతాననేది మాత్రం మరో ఏడాదికి పెట్టుకోండి. మొక్కుకున్నది అమ్మ కదా, ఆలస్యమైతే స్వామికి ఆమే సర్దిచెబుతుంది.

బెంగళూరు బండి

నేను ఈ రోజు వంగి చెప్పులు తొడుక్కున్నాను. ఏమీ కాలేదు.

తోతాపురి

కొంచెం ఆలస్యంగా రాస్తున్నా, కాయ కోత పనుల్లో పడిపోయా. పెద్దాసుపత్రిలో ఇంకో సర్జన్‌కు చూపించాను. పడుకోబెట్టి ఎడమ కాలు చాపి పైకెత్తాడు, సగం కూడా లేవకముందే అరిచాను. సుత్తితో మోకాలి దగ్గర, మడమ దగ్గర కొట్టి చూశాడు, వేళ్ళ బలం చూశాడు. ఫిల్ము చివర్లో చూశాడు. మొదటాయన నన్ను తాకి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది, ఫిల్ము చూసే ఆపరేషన్ అన్నాడు. ఈయన ఆరు వారాలు చూద్దాం, వేలి బలం తగ్గితే మాత్రం ఆ రోజే రమ్మన్నాడు. బయటికొచ్చిన ముక్కను ఒళ్ళే మెల్లమెల్లగా కరిగించుకుంటుందట, పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయట. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు నొప్పి పాదంలో లేదు, పిక్కలోనూ తక్కువే. పిరుదులో ఉంది, నడుములో ఉంది. బొటనవేలు మా ఆవిడ నొక్కితే ఈమధ్య గట్టిగానే ఆగుతోంది. తిమ్మిరి అట్లాగే ఉంది.

నర్సు

నమ్మండి, అది నిజమే. డిస్కు ముక్క బయటపడితే శరీరం దాన్ని పరాయి పదార్థంలా చూసి తినేస్తుంది. అన్నిటికన్నా చివర పోయేది తిమ్మిరి, నెలలు పడుతుంది. దానికోసం మళ్ళీ స్కానింగులకు పరిగెత్తకండి.

తోతాపురి

ఒక్క ప్రశ్న, తర్వాత విసిగించను. కాయలు ఇంకా సగం చెట్లమీదే ఉన్నాయి. ట్రేలు ఎప్పటి నుంచి ఎత్తొచ్చు? కూలీల కోసం చూస్తుంటే కాయ పండిపోతుంది, ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోరు.

ఫిజియో అక్క

ఈ సీజన్‌కు ఎత్తొద్దు. లెక్కలు రాయండి, కోత చూసుకోండి, గ్రేడింగ్ నిలబడి బల్ల మీద చేయండి. వచ్చే సీజన్‌కు కూడా ట్రేలు నేల మీంచి ఎత్తకండి. చెట్ల కింద నడుమెత్తు బల్లలు వేయించి వాటి మీద నింపండి, బండి డెక్కు కూడా అదే ఎత్తులో ఉంటే జరపడమే, ఎత్తడం ఉండదు. ఎత్తక తప్పనప్పుడు ట్రేను ఒంటికి ఆనించుకుని మోకాళ్ళు వంచి ఎత్తండి, చేతిలో బరువుండగా నడుము తిప్పకండి, పాదాలు తిప్పండి. ఎక్కువమందికి పట్టేసేది ట్రే ఎత్తినప్పుడు కాదు, ఎత్తి పక్కకు తిరిగి బండిలో పెట్టేటప్పుడు.

తోతాపురి

సరిగ్గా అప్పుడే అక్కా, పక్కకు తిరిగినప్పుడే. బల్లలకు రేపే వడ్రంగికి చెబుతాను.

పాలక్క

బి12 తక్కువే వచ్చింది, చాలా తక్కువట. పిర్రకు సూది మానేశాను. వడ్రంగి మీకు దగ్గరగా ఉంటే నాకూ ఒకటి చెప్పండన్నా, పాలు పిండడానికి జానెడెత్తు పీట కావాలి.